పదహారు ఓమ్‌ల స్క్రూ

ఇస్త్రీ ఇన్‌స్పెక్టర్ మీద మనవాడి కసి ఇవాళ్టిది కాదు. మూడేళ్ల కిందట నగల దుకాణం దొంగ కోసం, ప్రైవేటు డిటెక్టివైన మనవాడు కాళ్లరిగేలా తిరిగి, ఎండనక వాననక కాపు కాసి, చివరికి గోడ దూకుతున్నవాణ్ని కాలర్ పట్టుకుని లాగాడు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అందులో ఇన్‌స్పెక్టరు దొంగ భుజం మీద చెయ్యేసి ఠీవిగా నిలబడ్డాడు. పక్కన మనవాడిది మోచెయ్యి మాత్రం పడింది. మోచేతి కింద ఎవడూ పేరు రాయడు.

వానలో తడిసినా చొక్కా మడత చెదరదు గనక ఆయనకి ఇస్త్రీ అనే పేరు స్థిరపడిపోయింది. మనసుని కూడా అదే పెట్టెతో రుద్దించాడని మనవాడి అనుమానం. ఎవరి ఏడుపూ దాని మీద ముడత వెయ్యదు.

ఆ ఇస్త్రీ నిన్న పొద్దున్నే మనవాడి మేనమామని మంచం మీంచి లేపి తీసుకుపోయాడు. ఇవాళ మధ్యాహ్నం కోర్టులో నిలబెడతానంటున్నాడు. నేరం, మొన్న సాయంత్రం బాబాయిని కరెంటు షాకుతో చంపడం.

బాబాయి అంటే రక్తం పంచుకున్న బాబాయి కాదు, మావయ్య ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ ఒకే సినిమా హాల్లో జీవితం అరగదీశారు. బాబాయి ప్రొజెక్టరు ఆడించేవాడు, మావయ్య సౌండు చూసుకునేవాడు. హాలు పడగొట్టే రోజుల్లో తెర వెనక ఉన్న రెండు పెద్ద హార్న్ స్పీకర్లనీ తోపుడు బండి మీద తెచ్చి బాబాయి ఇంట్లో పెట్టారు. వాటి కోసమనే మావయ్య సొంత చేతులతో, పాత రేడియోల్లోలా గాజు వాల్వులుండే ఒక యాంప్లిఫయరు కట్టాడు. ఆ పెట్టె బలం ఎనిమిది వాట్లు. ఇవాళ్టి పిల్లల సెల్‌ఫోను స్పీకర్లు కూడా అంతకంటే గొప్పలు చెప్పుకుంటాయి.

ఎనిమిదో క్లాసులో బడికి దండం పెట్టేసిన మనవాడు పెరిగింది ఆ మావయ్య కొట్లోనే. టంకం కరిగే వాసన, సాయంత్రం పూట వాల్వుల్లో నారింజ రంగు వెలుగు, ఆదివారం బాబాయి ఇంట్లో పాటలు, ఇవే వాడి చదువు. "స్పీకర్లు మనుషుల్లాంటివిరా," అనేవాడు మావయ్య, స్క్రూ డ్రైవరు చెవిలో దోపుకుని. "కొన్ని గుసగుసగా పిలిస్తే పలుకుతాయి. కొన్ని చెయ్యి పట్టుకుని గుంజితే తప్ప కదలవు. ఏది ఏ రకమో తెలుసుకోకుండా యాంప్లిఫయరు కొనేవాడు డబ్బున్న వెర్రివాడు." బాబాయి హార్న్లు గుసగుసకి పలికే రకం. అందుకే వాటికి ఎనిమిది వాట్లు సరిపోయాయి. అందుకే యాంప్లిఫయర్లో ఏ మూల చిన్న గుయ్‌మనే చప్పుడున్నా వాటి నోట్లోంచి బయటికొచ్చేసేది కూడా.

ఆ పెట్టె మనిషిని చంపిందని ఇవాళ ఇస్త్రీ అంటున్నాడు. దాన్ని కట్టినవాడు కావాలనే చంపించాడనీ అంటున్నాడు.

మనవాడు వెళ్లేసరికి పిన్ని మధ్యగదిలో చాప మీద కూర్చుని ఉంది. బాబాయి భార్య. చిన్నప్పుడు మనవాడి జేబులో వేయించిన శనగలు పోసి పంపే మనిషి. ఇప్పుడు చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది.

"పిన్నీ, మొన్నటి సంగతి మొదట్నించీ ఒక్కసారి చెప్పవా."

"చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది బాబూ. ఆ ఇన్‌స్పెక్టరు అడిగాడు, ఆయన వెనకాలొచ్చినవాళ్లు అడిగారు, పక్కింటివాళ్లు గంటకో ప్రశ్న తెచ్చుకుని మరీ అడుగుతున్నారు."

"వాళ్లంతా నువ్వేం చూశావని అడిగుంటారు. నువ్వేం విన్నావో చెప్పు."

పిన్ని తలెత్తింది. "అది ఎవరూ అడగలేదు. చెవిలో హోరున్న ముసలిది ఏం వింటుందిలే అనుకునుంటారు."

"నేననుకోను."

"నువ్వనుకోవులే. చిన్నప్పుడు పాట మధ్యలో దగ్గావని మీ మావయ్య నిన్ను వీధిలో నిలబెడితే, తలుపు సందులోంచి విన్నవాడివి." ఆమె మొహంలో నవ్వు లాంటిది వచ్చి పోయింది. "పొద్దున మీ మావయ్య వచ్చి ఏదో వాల్వు మార్చాడు. ఇద్దరూ ఆ గదిలో చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు నాకు చెప్పకుండానే వెళ్లాడు. నాలుగింటికి మీ బాబాయి రోజూలాగే పాట పెట్టుకున్నారు. నేనిక్కడే నడుం వాల్చాను. పాట మెత్తగా, ఎప్పటిలాగే వినబడింది. ఐదింటికి ఆపేసి, రోజూ వెళ్లినట్టే ఇద్దరం నడకకి వెళ్లాం. ఆరు కొట్టేసరికి వచ్చాం. ఆయన కాళ్లు కడుక్కుని ఆ గదిలోకి వెళ్లారు, నేను వంటింట్లోకి."

"తరవాత?"

"తరవాత గుయ్‌మంది."

మనవాడు చాప మీద ముందుకి జరిగాడు.

"ఏం గుయ్‌మంది పిన్నీ?"

"స్పీకర్లు బాబూ. తొమ్మిదేళ్లయింది ఆ చప్పుడు విని. ఆ జ్వరం వచ్చి నా చెవులు పాడయ్యాక, ఈ పెట్టె ఆన్ చేస్తే చాలు, ఆ సన్నటి చప్పుడు నా చెవిలో హోరుతో కలిసి తల బద్దలయ్యేది. అప్పుడు మీ బాబాయి బతిమాలితే, మీ మావయ్యే వెనకాల వైర్లు ఏదో మార్చి బిగించాడు. చప్పుడు పోయింది. పాట కూడా కాస్త నెమ్మదించింది. అది పద్ధతి కాదని మీ మావయ్య నెల రోజులు ఈ గుమ్మం తొక్కలేదు, అది వేరే సంగతి. మొన్న ఆ చప్పుడు మళ్లీ వచ్చింది. దాని వెనకే పాట వచ్చింది. పెద్దగా. పాతికేళ్ల కిందట, ఈ పెట్టె కొత్తగా ఈ ఇంటికొచ్చినప్పటిలా. నాకు కోపమూ వచ్చింది, ఎందుకో ఏడుపూ వచ్చింది. అడుగుదామని అటు నడిచాను. ఇంతలో ధబ్బుమని..."

మనవాడు లేచాడు.

పాటల గదికి ఇస్త్రీ పోలీసు టేపు అడ్డంగా కట్టించాడు. మనవాడు దాని కింద నుంచి దూరి లోపలికి వెళ్లాడు. హార్న్లు రెండూ గది మూలల్లో మనిషెత్తున నిలబడి ఉన్నాయి. నోళ్లు తెరుచుకుని ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టున్నాయి. మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. ఆదివారం వచ్చేవాళ్లందరికీ అందులో వంతులుండేవి. మిగతావాళ్లు నేల మీద కూర్చోవాలి. ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్న రోజు మనవాడికి పన్నెండేళ్లు. పాట పాడే ఆవిడ ఊపిరి పీల్చుకోవడం ఎదురుగా కూర్చున్నట్టు వినిపిస్తే జడుసుకుని లేచాడు. బాబాయి నవ్వలేదు. వీపు నిమిరి, మళ్లీ కూర్చోబెట్టాడు.

యాంప్లిఫయరు బల్ల మీదే ఉంది. పోలీసుల ఎలక్ట్రీషియన్ దాని అడుగు రేకు విప్పి, కరెంటు వైరు ఒకటి ఊడి ఇనప పెట్టెకి ఆనుకుందని తేల్చి, దానికి టేపు చుట్టి, ఊడదీసిన స్పీకరు వైర్లు ఎక్కడివక్కడే బిగించి మళ్లీ మూసేశాడు. ఎర్త్ వైరు తెగి ఉందట. ముందువైపు వాల్యూమ్ నాబు ఇత్తడిది. తడి కాళ్లతో రాతి నేల మీద నిలబడ్డ మనిషి దాన్ని ముట్టుకుంటే ఇంక చెప్పేదేముంది.

మనవాడు పెట్టె వెనక్కి వెళ్లి వంగాడు. ఒక్కో స్పీకరుకి మూడేసి స్క్రూలు వరసగా ఉన్నాయి. నాలుగు, ఎనిమిది, పదహారు, స్పీకరు ఓమ్‌లని బట్టి బిగించుకోడానికి; అంకె పెరిగేకొద్దీ ఈ హార్న్లు గట్టిగా పలుకుతాయి. నాలుగు అని రాసి ఉన్న స్క్రూ పక్కన పాత ఎర్ర రంగు చుక్క ఉంది, మావయ్య పెట్టింది. స్పీకరు వైర్లు మాత్రం అక్కడ లేవు. పదహారు మీద బిగించి ఉన్నాయి. నాలుగో నంబరు స్క్రూ కింద లోహం తళతళ మెరుస్తోంది, ఇన్నాళ్లూ వైరు కప్పి ఉంచినందుకు. పదహారో దాని చుట్టూ దుమ్ములో కొత్త గీతలున్నాయి.

"గూఢచారి గారు మా టేపు కింద నుంచి దూరారన్నమాట."

గుమ్మంలో ఇస్త్రీ నిలబడి ఉన్నాడు. చొక్కా చూస్తే ఇప్పుడే హ్యాంగరు మీంచి దిగినట్టుంది.

"దూరాను. మీరు నిలబడే దూరారు, అయినా ఏమీ కనబడలేదు."

"పదో క్లాసు మొహం చూడనివాడివి, నాకు కళ్లు పెడతావా? మీ మావయ్య పొద్దున పెట్టె విప్పాడు. సాయంత్రం మనిషి పోయాడు. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇందులో పరిశోధించడానికి ఏముంది?"

"మధ్యలో ముట్టుకున్నారు. ఐదుకీ ఆరుకీ మధ్య. ఈ ఇంట్లో ఎవరూ లేనప్పుడు."

"ఎవరు చెప్పారు?"

"పిన్ని చెవులు చెప్పాయి."

ఇస్త్రీ నవ్వాడు. అంత సేపు నవ్వాల్సిన పని లేదు, అయినా నవ్వాడు. అంతలో వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. మెడలో బంగారు గొలుసు, చేతిలో కొలిచే టేపు పట్టుకుని ఒకాయన లోపలికొచ్చాడు. పెద్ద బజారులో స్టీరియోల షోరూము ఆయనది. మూడొందల వాట్లకి తక్కువ బలమున్న యాంప్లిఫయరు అమ్మడం ఆయనకి నామోషీ. అందుకే ఆదివారం గుంపులో అందరూ ఆయన్ని కిలోవాటు అంటారు.

"ఈ సమయంలో రావడం బాగోదు కానీ," అన్నాడు కిలోవాటు, హార్న్ల వైపు చూస్తూ, "పెద్దాయన శనివారమే నాకు మాటిచ్చారు. ఈ జత నాకిచ్చేస్తానన్నారు. ఆవిడ చెవులకి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని డాక్టరు చెప్పారట. తీసుకుపోదామని వచ్చాను."

హార్న్లు పోతాయన్న మాట మనవాడికి ఇప్పుడే తెలుస్తోంది. "తీసుకెళ్లి దేనికి కలుపుతావు?"

"నా దగ్గర కొత్తగా వచ్చిన ట్రాన్సిస్టరు యాంప్లిఫయరుంది. మూడొందల యాభై వాట్లు."

"గుక్కెడు నీళ్లు తాగడానికి ఫైరింజను పిలిచినట్టుంది."

"మీ మావయ్య మాటలే మాట్లాడుతున్నావు. ఆ ఎనిమిది వాట్ల పెట్టెని ఈ హార్న్లకి తప్ప దేనికి కలిపినా మూలుగుతుంది. నా షోరూములో ఉన్న ఏ స్పీకరునీ అది కదిలించలేదు."

ఆ మాట నిజమే. మనవాడు దాన్ని దాటేసి అడిగాడు. "ఈ వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టమంటే ఎక్కడ పెడతావు?"

కిలోవాటు వంగి హార్ను వెనక రేకు చూశాడు. "పదహారు ఓమ్‌లు అని రాసుంది కదా. పదహారు స్పీకర్ని పదహారు స్క్రూకే బిగిస్తాం. ఇందులో ఆలోచించేదేముంది, చెయ్యి దానంతటదే పోతుంది."

"ఎవరి చెయ్యయినా?"

"పని తెలిసినవాడి చెయ్యయితే."

మనవాడు ఇస్త్రీ వైపు తిరిగాడు. "విన్నారుగా. ఈ పెట్టె అడుగు విప్పాలంటే ముందు వెనకాల వైర్లు ఊడదియ్యాలి. ఏమీ తెలియనివాడైతే ఎక్కడ ఊడదీశాడో అక్కడే భయం భయంగా మళ్లీ పెడతాడు. పని తెలిసినవాడు రేకు చూసి పదహారుకి పెడతాడు. తొమ్మిదేళ్లుగా ఇవి నాలుగు మీద ఉన్నాయి. పిన్ని చెవుల కోసం అలా పెట్టింది మావయ్యే. ఎర్ర చుక్క పెట్టిందీ మావయ్యే. ఆయనైతే వాటిని తిరిగి చుక్క దగ్గరే బిగించేవాడు. వచ్చినవాడికి పని తెలుసు, ఈ ఇంటి సంగతి తెలియదు."

"బాగా అల్లావు," అన్నాడు ఇస్త్రీ. "నాలుగ్గంటలకి అవి నాలుగు మీద ఉన్నాయనడానికి సాక్ష్యం ఏది? చెవిలో హోరున్న ఒక పెద్దావిడ. కోర్టులో లాయరు ఒక్క ప్రశ్నతో ఆవిణ్ని కూర్చోబెట్టేస్తాడు."

"అయితే మీరే లాయరు అవ్వండి. పిన్ని వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. నేను వైర్లు మారుస్తూ ఉంటాను. ఏ స్క్రూకి బిగించాలో మీరు వేళ్లతో చూపించండి, నోటితో చెప్పొద్దు. ఎన్నిసార్లయినా సరే. ఆవిడ ఒక్కసారి తప్పు చెప్పినా నేను నోరు మూసుకుని వెళ్లిపోతాను."

ఇస్త్రీ గడియారం చూసుకున్నాడు. కోర్టుకి ఇంకా టైముంది. పైగా మనవాడు నోరు మూసుకునే అవకాశం ఆయనకి రోజూ దొరకదు. "కానీ," అన్నాడు.

వాల్వుల పెట్టె ఆన్‌లో ఉండగా స్పీకరు వైరు ఊడదీస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుంది. అందుకని మార్చిన ప్రతిసారీ ఆపాలి, మళ్లీ ఆన్ చేసి వాల్వులు వెలిగేదాకా ఆగాలి. ఇస్త్రీ కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. బాబాయి కుర్చీలో కూర్చోబోయి, మనవాడి చూపు చూసి మానుకున్నాడు. కిలోవాటు గోడకి ఆనుకుని గొలుసు తిప్పుకుంటున్నాడు.

మొదటిసారి ఇస్త్రీ నాలుగు వేళ్లు చూపించాడు. మనవాడు వైర్లు నాలుగు మీద బిగించి, నాబు ముట్టుకోకుండా, బల్ల మీదున్న రికార్డునే పెట్టాడు. బాబాయి చివరిసారి పెట్టిన రికార్డు. పాడే ఆవిడ గొంతు దూరం నుంచి, పక్కింట్లోంచి వచ్చినట్టు మెత్తగా వచ్చింది.

"ఎప్పటిలాగే ఉంది," అంది పిన్ని వంటింట్లోంచి.

రెండోసారి ఇస్త్రీ కావాలనే మళ్లీ నాలుగే చూపించాడు.

"మార్చలేదుగా బాబూ. నన్నెందుకు పరీక్షిస్తావు?"

మూడోసారి వైర్లు పదహారుకి వెళ్లాయి. వాల్వులు వెలుగుతుండగానే, సూది రికార్డు మీద పడకముందే వంటింట్లో పీట జరిగిన చప్పుడైంది. "ఇదీ," అంది పిన్ని. "ఇదే ఆ చప్పుడు."

మనవాడు సూది వదిలాడు. పాట గదిలోకి వచ్చి నిలబడింది. అలాగే అనిపించింది వాడికి. ఆవిడ ఊపిరి పీల్చుకుంది, వెనక వాయిద్యగాడి వేలు తీగ మీంచి జారింది. పన్నెండేళ్ల పిల్లవాణ్ని కుర్చీలోంచి లేపిన శబ్దం ఇదే. ఈ పెట్టె పూర్తయిన రోజు మావయ్య, బాబాయి దాన్ని హార్న్లకి కలిపి, చెమటలు తుడుచుకుంటూ మొదటిసారి పెట్టి విన్నదీ ఇదే. ఆ రోజు వాళ్లిద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఏడ్చారు. పెద్దవాళ్లు ఏడుస్తారని మనవాడికి తెలిసింది అప్పుడే. ఇస్త్రీ సైతం కాసేపు గడియారం చూడటం మర్చిపోయాడు.

వంటింట్లోంచి పిన్ని ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ఏడుస్తోందని అందరికీ తెలిసింది. మనవాడు పాట ఆపేశాడు.

ఆ తరవాత ఇస్త్రీ ఇంకో నాలుగు సార్లు వేళ్లు చూపించాడు, వరస తప్పించి, ఒకసారి రెండు స్పీకర్లకీ వేరువేరు స్క్రూలు పెట్టమని కూడా. "ఒకటి అలా, ఒకటి ఇలా ఉంది. ఎవరికైనా తల నొప్పి తెప్పించాలని చూస్తున్నారా?" అంది పిన్ని. ఒక్కటీ తప్పలేదు.

ఇస్త్రీ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "సరే. ఐదుకీ ఆరుకీ మధ్య ఎవడో వచ్చాడు. తాళం?"

"గుమ్మం పక్క కుండీ కింద ఉంటుంది," అన్నాడు మనవాడు. "ఆదివారం వచ్చేవాళ్లందరికీ తెలుసు."

ఇద్దరూ ఒకేసారి కిలోవాటు వైపు చూశారు. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, కొలత టేపు చూసి ఆగిపోయింది.

"ఏమయ్యా, హార్న్లకా వచ్చావు? ఇవ్వనని ఆయన నీకు ఫోన్ చేసి చెప్పారు కదా."

కిలోవాటు గొలుసు తిప్పడం మానేశాడు.

"మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనే గట్టిగా అడిగాను," అంది పిన్ని. "పాటల్లేని ఇల్లు నాకు అక్కర్లేదు, గుయ్‌మన్నా నేను పడతాను, వాటిని ఎక్కడికీ పంపొద్దన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని అప్పుడే ఫోన్ చేశారు. నా పక్కనే కూర్చుని."

"ఇప్పుడు చెప్పు," అన్నాడు ఇస్త్రీ. గొంతు మారింది. "ఇవ్వనన్నాడు. నీకు మంట పుట్టింది. ఆ రోజు ఐదింటి నుంచి ఆరింటిదాకా ఎక్కడున్నావు?"

"బండి మీద తిరుగుతున్నాను. మనసు బాగోక. ఆవిణ్ని ఒంటరిగా చూస్తే ఇచ్చేస్తుందేమోనని ఇవాళ అబద్ధమాడాను, అంతే. అంతమాత్రాన మనిషిని..."

"తిరుగుతుంటే చూసినవాళ్లు?"

చూసినవాళ్లు లేరు. ఇస్త్రీ ఆయన్ని వరండాలోకి నడిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో స్టేషనుకి ఫోన్ చేసి, మావయ్యని వదిలేయమనీ, ఇక్కడికే తీసుకురమ్మనీ చెప్పాడు. మనవాడి వైపు చూడలేదు. చూడకపోవడమే ఆయన ఇచ్చే పతకం అని మనవాడికి తెలుసు. ఎన్నాళ్లకో కడుపు నిండినట్టయింది.

లోపల పిన్ని యాంప్లిఫయరు దగ్గర నిలబడి ఇత్తడి నాబుని చూస్తోంది.

"ఒక్కటే అర్థం కావట్లేదు బాబూ. ఆ కిలోవాటు ఈ ఉచ్చు పన్ని ఏం లాభం? మీ బాబాయి ఈ నాబు అసలు ముట్టుకోరు. గోడ స్విచ్ వేస్తారు, సూది పెడతారు, కూర్చుంటారు. తొమ్మిదేళ్లుగా అది ఆ గుర్తు దగ్గరే ఉంది. మొన్న పాట పెద్దగా వచ్చింది కాబట్టి, నా చెవులు గుర్తొచ్చి తగ్గించడానికి పోయినట్టున్నారు. లేకపోతే ఏడాది గడిచినా దాని మీద చెయ్యి పడేది కాదు."

మనవాడు తల ఊపాడు. ఊపుతూనే ఆగిపోయాడు.

వైర్లు పొరపాటున పదహారుకి వెళ్లలేదు. పాట పెరగాలి. పెరిగితేనే బాబాయి నాబు ముట్టుకుంటాడు. ముట్టుకుంటేనే చస్తాడు. ఇది ఇంటి సంగతి తెలియనివాడి చెయ్యి కాదు. పిన్ని చెవుల గురించి, నాలుగో స్క్రూ గురించి, కదలని నాబు గురించి అన్నీ తెలిసినవాడి చెయ్యి.

"పిన్నీ, వైర్లు మార్చిన సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ఆయనకీ, నాకూ. చెప్తే ఆదివారం వచ్చేవాళ్లు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు." ఆమె చూపు నాబు మీంచి వెనక స్క్రూల వైపు జారింది. "మీ మావయ్యకి."

వీధిలో మోటారు సైకిలు ఆగింది. కానిస్టేబులు వెనక నుంచి మావయ్య దిగాడు. రెండు రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. గడ్డం తెల్లగా మొలిచింది. మనవాడు ఎదురెళ్లి, ముందు కానిస్టేబుల్ని పక్కకి పిలిచాడు.

"దారిలో ఏమైనా చెప్పావా ఆయనకి?"

"నాకేం తెలుసు సార్. వదిలేసి తీసుకురమ్మన్నారు, తీసుకొచ్చాను."

మావయ్య కాళ్లు కడుక్కుని నేరుగా పాటల గదిలోకి వెళ్లాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే మనవాడి నుదురు పట్టుకుని చూసినట్టే, ఇప్పుడు పెట్టె పైన అరచెయ్యి ఆనించి చూశాడు. "వెచ్చగా ఉంది. ఇప్పుడే వాయించారా?"

"వాయించాం. మావయ్యా, నిన్నొకటి అడుగుతాను. బాబాయి నాబు ఎందుకు ముట్టుకున్నాడంటావు? ఆన్ చేసేది గోడ మీదే కదా. ఆ ఇన్‌స్పెక్టరు బుర్రకి ఇది తట్టట్లేదు."

"ఎందుకేముందిరా. పాట గొంతు పెరిగింది. చెల్లెమ్మ చెవులు గుర్తొచ్చుంటాయి. తగ్గించబోయాడు."

వరండాలో ఇస్త్రీ కలం కాగితం మీద గీరుతోంది.

"గొంతు పెరిగిందని నీకెవరు చెప్పారు మావయ్యా?"

మావయ్య చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది. ఆయన కళ్లు వెనక స్క్రూల వైపు వెళ్లి, మళ్లీ మేనల్లుడి మొహం మీదికి వచ్చాయి. వాడి గొంతులో దగ్గు పుట్టకముందే గుర్తుపట్టి వీధిలో నిలబెట్టే మనిషి. ఇప్పుడు వాడి మొహంలో ఏముందో ఆయనకి చెప్పక్కర్లేదు.

మావయ్య కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. కుర్చీలో కూర్చోలేదు.

"ఎనిమిది వాట్లురా," అన్నాడు. "దీన్ని కట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. ట్రాన్స్‌ఫార్మరు తీగ నేనే చుట్టాను, చుట్టు చుట్టుకీ లెక్కపెట్టుకుంటూ. ఈ హార్న్ల కోసమే. ఇవి పోతే ఇది మూగది. నేనూ అంతే. పొద్దున పిలిచి, నిబ్బరంగా, కిలోవాటుకి ఇచ్చేస్తున్నానని చెప్పాడు. బతిమాలాను. కాళ్లు పట్టుకోడం ఒక్కటే తక్కువ. నీ పెట్టె నువ్వు పట్టుకుపోవచ్చన్నాడు. పట్టుకుపోయి ఏం చెయ్యను? దేనికి కలపను?"

"మావయ్యా."

"వాడు పోతే చెల్లెమ్మ వీటిని కదలనివ్వదు. అంతవరకే ఆలోచించాను. ఐదింటికి వచ్చాను. నా చేతులతో కట్టినదాన్ని నా చేతులతోనే..." ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "కిలోవాటు బండి ఎప్పుడొస్తుందోనని వంద సార్లు అనుకున్నాను లాకప్పులో. వచ్చిందా?"

"వచ్చింది. ఖాళీగా పోతుంది." మనవాడు పక్కన కూర్చున్నాడు. "బాబాయి వాటిని ఇవ్వలేదు మావయ్యా. ఆ మధ్యాహ్నమే మనసు మార్చుకున్నాడు. నువ్వొచ్చేసరికే, ఇవ్వనని కిలోవాటుకి ఫోన్ చేసి చెప్పేశాడు. నీకు సాయంత్రం చెబుదామనుకునుంటాడు."

మావయ్య చిన్నపిల్లాడిలా మేనల్లుడి చొక్కా అంచు పట్టుకున్నాడు.

మనవాడు కాసేపు పట్టుకోనిచ్చాడు. ఆ వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, వాటిని ఆయన ఒళ్లోనే పెట్టి, లేచి వరండాలోకి నడిచాడు. కిలోవాటు ఏడుపు మొహంతో సంతకం పెట్టడానికి వంగుతున్నాడు. ఇస్త్రీ తలెత్తి, ఇంకేం కావాలన్నట్టు చూశాడు.

"ఆయన్ని పంపించెయ్యండి ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు మనవాడు. "మీరు మొదట పట్టుకున్న మనిషే."